ఉత్తరాది పిల్ల ఎవరు?

గళ్ళ నుడికట్టు, అంటే క్రాస్‌వర్డ్, ఒంటరిగా కూర్చుని నింపుకునేదని చాలామంది అనుకుంటారు. ఆదివారం పేపరు, ఒక పెన్ను, పక్కన చాయ్ గ్లాసు. తేలికపాటి గడి అయితే అట్లాగే నింపుకోవాలి, అందులో సుఖం ఉంది. శ్లేషలు, సంధులు, తిరగేసిన మాటలు, మాటలో దాచిన మాటలు పెట్టి కూర్చిన కఠినమైన గడి సంగతి వేరు. దాని మీద పదిమంది చేతులు పడాలి. ఎందుకంటే తెలుగు మొత్తం తెలిసిన మనిషంటూ ఎవరూ లేరు. నా దగ్గర ఓరుగల్లు తెలుగు ఉంది, పుస్తకాల తెలుగు కొంత ఉంది. విజయనగరంలో ఒక తల్లి కూతుర్ని ఏమని పిలుస్తుందో నాకెట్లా తెలుస్తుంది? ఆ ఒక్క మాట తెలియక మేమంతా ఒక ఆధారం (క్లూ) దగ్గర ఆగిపోయిన వైనం రాద్దామని కూర్చున్నాను.

మా వాట్సాప్ గుంపులో పదిమందికి పైగా ఉన్నాం. జగిత్యాలలో ఉండే రిటైర్డ్ తెలుగు సార్, సిరిసిల్ల తమ్ముడు ఒకడు, విజయనగరం అక్క, అనంతపురంలో కాలేజీ లెక్చరర్‌గా చేస్తున్న ఒకాయన, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న మంచిర్యాల పిల్లగాడు, నిజామాబాద్‌లో బ్యాంకులో పనిచేసే మేడం, ఇంకా అప్పుడప్పుడు వచ్చిపోయేవాళ్ళు. నాకు హనుమకొండలో స్టేషనరీ షాపు ఉంది. వీళ్ళలో సార్‌ను తప్ప ఎవరినీ నేను ఎదురుగా చూడలేదు. అయినా ఎవరికి ఎట్లాంటి ఆధారం ముందు తడుతుందో, ఎవరు ఎక్కడ మొండికేస్తారో చెప్పగలను. వారానికి ఒకరు గడి కూరుస్తారు, మిగతావాళ్ళం నింపుతాం. కూర్చినవాళ్ళు గడి నిండేదాకా నోరు విప్పకూడదు.

ఈ ఆట కొత్తగా వినేవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మా గడిలో ఆధారం అంటే ఉత్త అర్థం కాదు. వాక్యానికి ఒక కొసన అర్థం ఉంటుంది, మిగిలిన భాగంలో ఆ మాటను ఎట్లా తయారుచేయాలో ఉంటుంది. పైపైన చదివితే వాక్యం మనల్ని ఇంకెక్కడికో తీసుకుపోతుంది. “కరీంనగర్‌లో దొరికే ఆభరణం (2)” అని ఉందనుకోండి. బ్రాకెట్లోని అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది. కరీంనగర్ వెండి తీగపనికి పేరుపడ్డ ఊరు కాబట్టి మనసు నేరుగా అటు పరుగెత్తుతుంది. వెండి గొలుసులు, భరిణెలు అన్నీ కళ్ళ ముందు మెదులుతాయి. జవాబు దుకాణంలో లేదు, ఊరి పేరులో ఉంది. కరీంనగర్‌లో మూడో అక్షరం, నాలుగో అక్షరం చూడండి: నగ.

ఇంకొకటి. “లక్ష్మి వెనుదిరిగితే యంత్రం (2)”. లక్ష్మికి ఎన్ని పేర్లో అమరకోశం చెబుతుంది. సార్‌కు ఆ శ్లోకం నోటికి వచ్చు, “ఇందిరా లోకమాతా మా క్షీరోదతనయా రమా” అని ఒక్క ఊపులో చదివేస్తారు. రమను తిప్పితే మర. ‘వెనుదిరిగితే’ అన్న మాట అర్థం కోసం రాలేదు, తిప్పమని చెప్పడానికి వచ్చింది. ఇట్లాంటి సూచన మాటలు మాలో స్థిరపడిపోయాయి. తడబడితే, చెదిరితే అంటే అక్షరాలు కలగాపులగం చేయాలి. తల తెగితే మొదటి అక్షరం తీసేయాలి. కడుపులో, గర్భంలో అంటే ఒక మాటను ఇంకో మాట మింగింది.

ఇక గడి సంగతి. బెంగళూరు పిల్లగాడు ఇంగ్లీషు గళ్ళలో ఆరితేరినవాడు. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన వజ్రం ఆకారపు గడి దగ్గర మొదలుపెట్టి, 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో టార్కెమాడా పేరుతో వచ్చిన గడుసు గళ్ళ దాకా చెప్పుకొస్తాడు. వాళ్ళకు ఒక గడికి ఒక అక్షరం, మొత్తం ఇరవై ఆరే. మనకూ ఒక గడికి ఒక అక్షరమే, కానీ గుణింతం, ఒత్తు, సున్న అన్నీ దానిలో భాగం. లక్ష్మి అంటే రెండు గళ్ళే. ‘క్ష్మి’ అంతా ఒక గడిలో పట్టాలి. అడ్డం మాట, నిలువు మాట కలిసే చోట ‘మ’ ఉంటే రెండింటికీ ‘మ’యే కావాలి. ‘మా’ చెల్లదు, ‘మ్మ’ చెల్లదు. అందుకే తెలుగులో గడి కూర్చడం కష్టం, నింపేటప్పుడు మాత్రం కలిసే ఒక్క గడి దొరికినా ఎంతో బలం. ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ అని పేరు పెట్టి కూర్చినవి నింపుతూ పెరిగిన తరం సార్‌ది. ఆ ఒత్తుల పట్టింపు ఆయన దగ్గరే నేను నేర్చుకున్నాను.

పైగా మనకు సంధి ఉంది. రెండు మాటలు కలిసినప్పుడు మధ్యలో అచ్చు మాయమైపోతుంది, కలిపినవాడు ఎక్కడ కలిపాడో కనిపించదు. కూర్చేవాళ్ళకు ఇంతకంటే మంచి దాపు ఏముంటుంది?

అందరం కలిసి నింపేది ఒక గూగుల్ షీట్‌లో. ఎవరికైనా ఒక మాట తడితే పసుపు రంగుతో రాస్తారు. ఎందుకు అదే కావాలో వివరించి, ఇంకో ఇద్దరు ఒప్పుకుంటే అది ఆకుపచ్చ అవుతుంది. వివరణ లేని మాట ఎంత సరిగ్గా అతికినా పసుపులోనే ఉండాలి. ఈ నియమం సార్ పెట్టింది, మొదట్లో కొందరు గొణిగారు. నా మట్టుకు గుంపును నిలబెట్టింది ఇదే. జవాబు ఊహించడం ఒక్కరు చేయగలరు, ఊహను నిలదీయడానికే పక్కన మనుషులు కావాలి. ఇంకొక మర్యాద కూడా ఉంది. మనకు తెలిసిపోతే నేరుగా చెప్పేయం. “మొదటి గడి మీద ఖాయంగా ఉన్నా” అని ఒక మాట వదిలి ఊరుకుంటాం. పక్కవాళ్ళకు కూడా ఆ మెరుపు తగలాలి కదా.

సెప్టెంబర్ 9 కాళోజీ నారాయణరావు పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ వారం గడి నిజామాబాద్ మేడం వంతు. “నింపాల్సిన మాటలన్నీ ఉత్తర తెలంగాణవే” అని ముందే ప్రకటించారు. మేము, అంటే ఈ వైపు వాళ్ళం, చేతులు చరుచుకున్నాం. మన ఊళ్ళు, మన గుళ్ళు, మన మాటలు. ఒక్క పూటలో అయిపోతుందన్నంత ధీమా. నిజంగానే చాలా గళ్ళు గబగబా నిండాయి. మధ్యలో ఒక మూల మాత్రం తెల్లగా మిగిలింది. ఆ మూలలో మూడు మాటలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, రెండు నిలువు, ఒకటి అడ్డం.

మొదటి నిలువు: “రాముడికి అక్క తోడైన చోట ఇటుక నీట తేలుతుంది (3)”.

రాముడు, నీళ్ళు, తేలడం అనగానే అందరూ లంకకు బయలుదేరారు. అనంతపురం ఆయన ‘సేతువు’ అన్నారు, మూడు గళ్ళే. మరొకరు ‘వారధి’ అన్నారు, అదీ మూడే. నాకు ‘ఇటుక’ దగ్గర కాలు ఆగింది. సేతువుకు వేసినవి రాళ్ళు, ఇటుకలు కాదు. మంచి కూర్పరి ఒక మాట ఊరికే మార్చరు. నీళ్ళలో తేలే ఇటుక అంటే మా వైపు బడి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి, శిఖరానికి తేలికపాటి ఇటుకలు వాడిన గుడి. దేవుడి పేరుతో కాక శిల్పి పేరుతో పిలుచుకునే గుడి. రామప్ప. రా, మ, ప్ప, మూడు గళ్ళు.

మరి అక్క ఎక్కడ? రామ పోగా మిగిలింది ‘అప్ప’. మా వైపు ఎవరూ అక్కను అప్ప అనరు. అనంతపురం ఆయన “మా దగ్గర అప్ప అంటే నాయన, అక్క కాదు” అన్నారు. మాట పసుపులోనే ఉండిపోయింది. రాత్రి వంట పనులన్నీ ముగించుకుని విజయనగరం అక్క వచ్చారు. “అదేంటి, ఇంతసేపు దీని మీదే ఉన్నారా? మా ఇంట్లో నన్ను తమ్ముళ్ళందరూ అప్పా అనే పిలుస్తారు” అన్నారు. సార్ నిఘంటువు తీసి చూస్తే అందులోనూ ఆ అర్థం ఉంది. రామ, అప్ప కలిసి సంధి జరిగి రామప్ప. ఆకుపచ్చ.

మా గుడి పేరులో వాళ్ళ అక్క ఉందని తెలిసిన ఆ క్షణం నాకు భలే సంతోషమేసింది. గుడి పేరుకు అసలు వ్యుత్పత్తి అది కాదని నాకు తెలుసు, కూర్పరి చేసిన చమత్కారమే. అయినా పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కొత్తగా వినిపించింది.

ఇప్పుడు అసలు ఆధారం, అడ్డం: “ఉత్తరాది పిల్ల వెంట నేతకు ఆధారం, కూర్చుంటే కాళ్ళు నేలలోకి (4)”.

మూడో గడిలో రామప్ప ఇచ్చిన ‘మ’ ఉంది. మిగతావి ఖాళీ. ఈ ఒక్క వాక్యం మీద జరిగినంత చర్చ మా గుంపులో మరి దేని మీదా జరగలేదు. బెంగళూరు పిల్లగాడు ‘ఉత్తరాది’ని విడగొట్టి ఉత్తరకు ఆది అంటే ‘ఉ’ అన్నాడు, ఆ పద్ధతి గళ్ళలో మామూలే. ఇంకొకరు ఉత్తర అంటే విరటుడి కూతురు కదా, పిల్ల అనే ఇచ్చారు కదా అన్నారు. మరొకరు హిందీలోకి పోయి బేటీ, లడ్కీ అన్నీ వరసగా పెట్టి చూశారు. ‘నేత’ను చూసి అందరం రాజకీయాల్లో పడ్డాం. నేతకు ఆధారం ఓటు, నేతకు ఆధారం పార్టీ, పైగా కూర్చుంటే అన్నారు కాబట్టి కుర్చీ.

వీటన్నిటిలో నాకు నచ్చింది సార్ చెప్పింది. “ఉత్తరాది పిల్ల అంటే సీత. మిథిల ఉత్తరాదే. భూమిలోకి పోయింది ఎవరు? సీత. ఇంకేం కావాలయ్యా?” అన్నారు. రెండు కొసలూ అందంగా అతికాయి. సీతమ్మ అందామంటే మూడో గడిలో ‘మ్మ’ పడుతుంది, అక్కడ ఉన్నది ‘మ’. ఒత్తు దగ్గర సార్ తనకు తాను కూడా సడలింపు ఇవ్వలేదు. “ఒత్తు ఒప్పదు. వదిలేద్దాం” అని ఆయనే తీసేశారు. అంత ఇష్టపడ్డ ఊహను అంత తేలిగ్గా వదులుకోవడం చూసి ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

సిరిసిల్ల తమ్ముడు అప్పుడు వచ్చాడు. వాళ్ళది నేత కుటుంబం. నేత అన్న మాట చూడగానే మాకు లీడరు కనిపించాడు, వాడికి మాత్రం బట్ట కనిపించింది. “అన్నా, నేత అంటే నేసుడు. నేతకు ఆధారం మగ్గం. మూడో గడి మ, నాలుగోది గ్గం. ముందట ఇంకేముంటది, మరమగ్గమే” అని పసుపు రంగులో రాసేశాడు. మరమగ్గాల ఊరి పిల్లగాడు వేరే మాట ఎందుకు ఆలోచిస్తాడు? మగ్గం దాకా వాడు చెప్పింది అక్షరాలా నిజం, దాంతో సగం చిక్కు వీడింది.

“మర ఎట్లా వచ్చిందో చెప్పు తమ్మీ” అన్నాను.

“పిల్ల అంటే రమ. రమను తిప్పితే మర. మొన్నటి గడిల చేసినం గదా.”

“తిప్పమని ఎక్కడ ఉన్నది? ఉత్తరాది అని ఎందుకు ఉన్నది?”

“అది నాకు తెల్వదన్నా. కానీ ఇదే.”

మరమగ్గం మీద నేసేవాళ్ళు నిలబడి నడిపిస్తారని, కూర్చోవడం, కాళ్ళు నేలలోకి పోవడం దానికి కుదరదని కూడా ఎవరో అన్నారు. తమ్ముడు వినలేదు. వివరణ లేదు కాబట్టి పసుపు పసుపుగానే ఉంది.

మిగిలింది మొదటి గడి నుంచి కిందికి దిగే నిలువు: “విద్యుత్ పట్టణాన్ని రాముడు విడిచి వెళ్తే భక్తులు తొక్కేది (2)”. మరమగ్గం నిజమైతే ఇది ‘మ’తో మొదలవ్వాలి. మట్టి అన్నారు, మరి విద్యుత్ పట్టణం ఏదని అడిగితే జవాబు లేదు. పాల్వంచ, శ్రీశైలం, విజయవాడ అని జాబితా వేశారు. రాముడు అనగానే భద్రాచలం కూడా వచ్చింది. నేను షాపు షట్టరు దించి, లెక్కలు ముగించి ఫోను తీసి చూశాను. కాజీపేట నుంచి బల్లార్షా వైపు రైల్లో ఎప్పుడు పోయినా దూరం నుంచే కనిపించే పొగగొట్టాలు గుర్తొచ్చాయి. ఎన్టీపీసీ వాళ్ళ 2600 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న రామగుండం. అందులోంచి రామ వెళ్ళిపోతే మిగిలేది గుండం. కొమురవెల్లి మల్లన్న జాతరలో అగ్నిగుండాలు తొక్కడం చూసినవాళ్ళకు ‘భక్తులు తొక్కేది’ వేరే చెప్పాల్సిన పని లేదు. రాముడు విడిచిన ఊరు, మిగిలిన నిప్పులు. ఆధారం ఎంత బాగుందంటే దాన్ని పైకి ఒకసారి చదువుకున్నాను.

వివరణ రాశాను, ఇద్దరు ఒప్పుకున్నారు, ఆకుపచ్చ అయింది. అడ్డం మాట ఇప్పుడు ‘గుం’తో మొదలవ్వాలి. మరమగ్గం పోయింది. తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

గుం, ఖాళీ, మ, గ్గం.

అక్కడ నాకు రామప్ప మళ్ళీ గుర్తొచ్చింది. అందులో అక్క మాట ఎక్కడి నుంచి వచ్చింది? విజయనగరం నుంచి. మేడం చెప్పింది నింపే మాటలన్నీ మనవని, ఆధారాల్లోని మాటలు మనవని చెప్పలేదు. ఉత్తరాది అంటే ఢిల్లీ, లక్నో ఎందుకు కావాలి? విజయనగరం కూడా ఉత్తరమే, ఉత్తరాంధ్ర.

“అక్కా, మీ దిక్కు ఆడపిల్లను ఏమంటరు?” అని అడిగాను.

“అమ్మాయి అంటాం తమ్ముడూ” అన్నారు. తర్వాత కాసేపటికి, “ఊళ్ళల్లో అయితే గుంట అంటారు. మా అమ్మ ఇప్పటికీ నన్ను ‘ఓలమ్మా, ఈ గుంట మాట వినదు’ అంటాది.”

ఆ మెసేజి కింద సిరిసిల్ల తమ్ముడి వాయిస్ మెసేజి వచ్చింది. మొదట్లో ఒక కేక, తర్వాతే మాటలు. “అన్నా, గుంటమగ్గం! మా తాత గుంటమగ్గం మీదనే నేసెటోడు. మరమగ్గాలు రాకముందు మా ఇంట్ల అదే. నేల మీద గుంట తవ్వి, అండ్ల కాళ్ళు పెట్టి కూసునెటోడు. నేను చిన్నప్పుడు ఆ గుంటల దాసుకునేటోన్ని.”

గుం, ట, మ, గ్గం. నాలుగు గళ్ళు.

నాకు గుంట అంటే భూమి కొలత. మా దగ్గర నలభై గుంటలు ఒక ఎకరం, గుంటకు 121 గజాలు. పొలం పంపకాలప్పుడు వినబడే మాట. అక్కకు గుంట అంటే పిల్ల, ఆమెకు మా కొలత తెలియదు, వాళ్ళు సెంట్లలో లెక్కపెడతారు. తమ్ముడికి గుంట అంటే తాత మగ్గం కింద తాను దాక్కున్న చోటు. ముగ్గురం మూడు గుంటలు పట్టుకుని కూర్చున్నాం, గడికి కావాల్సినవి అక్కది, తమ్ముడిది. అక్క లేకుండా తమ్ముడు, తమ్ముడు లేకుండా అక్క దాన్ని ఎన్నటికీ నింపలేకపోయేవాళ్ళు.

గడి నిండాక మేడం నోరు విప్పారు. వాళ్ళ అమ్మగారిది పలాస వైపట, పెళ్ళయి నిజామాబాద్ వచ్చారు. రెండు వైపుల మాటలూ ఆ ఇంట్లో ఉన్నాయి. తెలంగాణ భాష పండుగకు కూర్చిన గడిలో అమ్మ మాటలు రెండు దాచాలనుకున్నారట.

తర్వాత న్యాయాన్యాయాల చర్చ. ఇది కూడా మాకు ఆటలో భాగమే, ఒక్కోసారి గడి నింపడం కంటే దీనికే ఎక్కువ సమయం పడుతుంది. అనంతపురం ఆయన గట్టిగానే అభ్యంతరం చెప్పారు. తెలుగులో ఉత్తరాది అంటే ఉత్తర భారతమనే వాడుక ఉంది కాబట్టి ఉత్తరాంధ్ర అని తీసుకోవడం దౌర్జన్యం అన్నారు. నేను మేడం పక్షం. ఏ ఉత్తరమో ఆమె చెప్పలేదు, ఢిల్లీ అని అనుకున్నది మనం. దారి తప్పించడం కూర్పరి హక్కు, అబద్ధం చెప్పకపోతే చాలు. అయితే ఆయన ఇంకో మాట కూడా అన్నారు, అది మాత్రం సరైనదే. ‘కూర్చుంటే కాళ్ళు నేలలోకి’ అన్నది వస్తువును చూపించాలి, ఒక సంఘటనను చెప్పి వదిలేసింది. ‘కూర్చుంటే కాళ్ళు నేలలోకి దించేది’ అని ఉంటే వాక్యం బిగిసేది. మేడం కూడా ఒప్పుకున్నారు.

బెంగళూరు పిల్లగాడు గుంటమగ్గం ఎప్పుడూ చూడలేదన్నాడు. అక్కకూ అంతే. మరుసటి వారం సరుకు కోసం వరంగల్ పోయినప్పుడు కొత్తవాడలో ఆగాను. వరంగల్ దర్రీలకు, అంటే నేల మీద పరిచే నేత తివాచీలకు, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, ఆ నేతకు పేరు కొత్తవాడదే. తెలిసినవాళ్ళు ఒక పెద్దాయన ఇంటికి తీసుకుపోయారు. గదిలో నేలకు సమంగా పడుగు దారాలు పరిచి ఉన్నాయి. పెద్దాయన నేల అంచున కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ కింది నుంచి కాళ్ళు కనిపించవు, గుంటలో ఉన్నాయి. వంగి చూస్తే కింద రెండు చెక్కలు, వాటిని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాడు. కుడి పాదం తొక్కగానే సగం దారాలు పైకి లేస్తాయి, దారం మోసే నాడె ఆ సందులోంచి ఇటు నుంచి అటు పోతుంది. ఎడమ పాదం తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె వెనక్కి వస్తుంది. గుంట గోడలు చాలా ఏళ్ళ రాపిడికి నున్నగా ఉన్నాయి. ఇట్లా ఎందుకు కింద పెట్టుకున్నారని అడిగితే, కూర్చునే ఎత్తు సరిపోతుందని, మగ్గం కదలకుండా నేలే పట్టుకుంటుందని చెప్పాడు. ఆయన అనుమతితో చిన్న వీడియో తీసి గుంపులో పెట్టాను. “కాళ్ళు నిజంగానే నేలలోకే!” అని అక్క రాశారు. సార్ మాత్రం ఆ పెద్దాయన చెక్కలను ఏమంటాడో, దారం అతుకును ఏమంటాడో, అన్నీ అడిగి రాసుకుని రమ్మని నన్ను మళ్ళీ పంపారు. పోయాను. ఆ మాటలు రాబోయే గళ్ళ కోసం దాచి ఉంచాం కాబట్టి ఇక్కడ చెప్పను.

ఆ గడి తర్వాత నాకూ కూర్చాలనిపించింది. మా ఓరుగల్లు మనిషికి మొదటి ఆధారం ఏం కావాలి? సమ్మక్క. ఆ పేరును విడదీస్తే లోపల అమ్మ ఉంది, అక్క ఉంది, ముందు ఒక ‘స’ మిగులుతుంది. సకుటుంబంగా, సపరివారంగా అనే ‘స’, అంటే కూడి, కలిసి. “అమ్మ, అక్క కలిసి మేడారం గద్దె మీదికి (3)” అని రాసి సార్‌కు చూపించాను. సార్ మొదట సంస్కృతపు ‘స’కు తెలుగు ‘అమ్మ’ను కలిపితే వైరి సమాసం అవుతుందన్నారు. బెంగళూరు పిల్లగాడు అడ్డుపడ్డాడు: “సార్, సమాసం చేస్తలేం, ముక్కలు పేరుస్తున్నం.” సార్ నవ్వి సరే అన్నారు. వాడే ఇంకో సంగతి చెప్పాడు. మాటలో ‘స’ ముందుంది కాబట్టి వాక్యంలోనూ కలిసి అన్న సూచన ముందే రావాలి. ‘కలిసి’ని ముందుకు జరిపితే వాక్యం కుంటుతోంది. అక్క ‘తోడుగా’ అన్న మాట ఇచ్చారు. అందరి చేతులూ పడ్డాక అది ఇట్లా తేలింది: “తోడుగా అమ్మా అక్కా ఉంటే మేడారం గద్దె ఎక్కే తల్లి (3)”.

నా గడిలో ఆ ఆధారాన్ని ముందు ఎవరు పట్టుకుంటారా అని చూశాను. దాన్ని తీర్చడంలో చేయి వేసినవాళ్ళందరూ పక్కకు తప్పుకున్నారు. అనంతపురం ఆయన పట్టారు. ఆయన జాతర ఎన్నడూ చూడలేదు. స, అమ్మ, అక్క అని పేర్చుకుంటూ పోతే సమ్మక్క వచ్చిందట, వివరణంతా రాసి చివర “మరి గద్దె అంటే ఏమిటి?” అని అడిగారు. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి అమ్మవార్లు వచ్చి కూర్చునే చోటు అని, చిలకలగుట్ట నుంచి సమ్మక్క ఎట్లా వస్తుందో, కన్నెపల్లి నుంచి సారలమ్మ ఎట్లా వస్తుందో, బంగారం అని మేము మొక్కేది బెల్లమని, అందరం తలా ఒక ముక్క చెప్పాం. ఈసారి జాతరకు వస్తానన్నారు. ఎవరింట్లో దిగాలన్న దాని మీద నాకూ సార్‌కూ ఇంకా తేలలేదు.

ఈ వారం గడి అనంతపురం ఆయనదే. దాదాపు నిండింది. పసుపులో ఉన్నది ఒక్కటే: “బాబాయికి తీయదనంలో సగం కలిపితే ఓరుగల్లు ఏలిన వంశం (4)”. వంశం పేరు అక్క ఎప్పుడో రాసేశారు, బాబాయి సంగతే తేలక నిన్నటి నుంచి అడుగుతున్నారు. మా వైపు వాళ్ళం ఎవరమూ చెప్పడం లేదు.